షెఫీల్డు కత్తి నేర్పిన పాఠము



మన ప్రభువు జనులకు బోధించునపుడు పండితుల గ్రంథములను ముందు పెట్టుకొని బోధింపలేదు. విత్తనములు చల్లు రైతును, వల లాగు జాలరిని, పోయిన నాణెముకొఱకు దీపము వెలిగించి ఇల్లు ఊడ్చు స్త్రీని చూపి పరలోక రాజ్యమును గూర్చి తెలియజేసెను. ఆయన శిష్యులమైన మనమును దినదినము చేతబట్టు పనిముట్లనుండి పాఠములు నేర్చుకొనవచ్చును. ఈ మాసము మన పాఠమునకు కత్తిని తీసికొందము.

తోటలలో కొందఱి యిండ్లయందు తాతల కాలపు కత్తులు ఇప్పటికిని గలవు. కొమ్మలు కత్తిరించుటకు వాడినదో, వంటయింట కూరలు తఱుగుటకు వాడినదో యొకటి చూరులో చెక్కి యుండును. దాని తుప్పు రుద్ది చూచినచో పిడికి దగ్గఱగా అలుగుమీద చిన్న ఇంగ్లీషు అక్షరములు కనబడవచ్చును. ఆ కాలపు కత్తులలో అనేకముల మీద ఆ మాట "షెఫీల్డు" అని యుండును. చదువు నేర్చిన పిల్లలు దానిని కూడబలుకుకొని చదివి, "ఇది కత్తి చేసిన దొర పేరా?" అని యడుగుదురు. దొర పేరు కాదు; అది యొక ఊరి పేరు. ఆ కత్తిని చేసినవాని పేరు సాధారణముగా దానిమీద నుండదు. ఆ పేరు లేని చేతినిగూర్చియే నేను వ్రాయదలచితిని.

షెఫీల్డు ఇంగ్లండు దేశపు ఉత్తర భాగమున యార్కుషైరు సీమలోనిది. చుట్టును కొండలు. ఆ కొండలనుండి డాను, షీఫు, రివెలిను, లాక్సిలీ, పోర్టరు అను అయిదు నదులు దిగివచ్చును. ఆ నదుల నీటితో చక్రములు తిప్పి, ఆ చక్రములతో సానరాళ్లు తిప్పి, అక్కడి జనులు బహుకాలము కత్తులు చేసిరి. 14వ శతాబ్దమునందలి ఇంగ్లీషు కవియగు చాసరు తన కావ్యములో షెఫీల్డు కత్తిని పేర్కొనెను. 1624లో అక్కడి కత్తుల పనివారి సంఘమును పార్లమెంటు చట్టముచే స్థాపించిరి. ఆ ఊరి కత్తియు, కత్తెరయు, ఆకురాయియు, పలుగుపాఱలును ఓడలెక్కి లోకమంతట వ్యాపించెను.

మట్టి మూస

18వ శతాబ్దమున బెంజమిను హంట్సుమను అను గడియారముల పనివాడొకడు ఉండెను. ఇతడు 1704లో జన్మించెను; క్వేకరు సంఘమునకు చెందినవాడు. గడియారపు స్ప్రింగులకు ఆ కాలమున దొరకిన ఉక్కు ఒకచోట గట్టిగాను, మఱియొకచోట మెత్తగాను ఉండుటచేత అతని పని చెడుచుండెను. అందువలన ఇతడు షెఫీల్డు చేరువ నున్న హ్యాండ్సువర్తు అను గ్రామమున కాపురముండి, 1740 ప్రాంతమున ఒక క్రొత్త రీతిని కనిపెట్టెను. ఉక్కు ముక్కలను మట్టి మూసలో నుంచి, మూతపెట్టి, కోకుబొగ్గు మంటలో పూర్తిగా నీరగునట్లు కరగించి పోసెను. అట్లు పోసిన ఉక్కు అంతటను ఒక్క తీరుగా ఉండెను. ఈ పని ఫలించుటకు ముందు ఎన్నియో పర్యాయములు చెడిపోయెను. ఫలించిన పిదపకూడ షెఫీల్డు పనివారు, ఈ ఉక్కు మిక్కిలి గట్టిది, మాకు పనికిరాదని మొదట నిరాకరించిరి. ఫ్రాన్సు దేశపువారు దానిని కొని మంచి కత్తులు చేయుట చూచిన తరువాతనే వీరు కన్నులు తెఱచిరి.

తెలుగువారమైన మనము ఇచ్చట ఒక సంగతి మఱువరాదు. మట్టి మూసలో ఉక్కు కరగించు విద్య హంట్సుమనుకు ఎన్నో శతాబ్దముల ముందే మన దేశమున నుండెను. నేటి తెలంగాణమునందలి నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రము అను గ్రామమునకు పారశీక వర్తకులు వచ్చి ఉక్కు ముద్దలు కొనిపోయెడివారు. డమాస్కసు ఖడ్గములని లోకము పొగడిన ఖడ్గములు మన దక్షిణదేశపు ఉక్కుతో చేయబడెను. 1795లో జార్జి పియర్సను అను శాస్త్రజ్ఞుడు లండనునందు ఈ ఉక్కును పరీక్షించి వ్యాసము వ్రాసెను. ఇంగ్లీషువారు దానికి పెట్టిన "ఊట్జు" అను పేరు మన "ఉక్కు" అను మాటనుండియే పుట్టినదని పలువురు పండితులు చెప్పుదురు. హంట్సుమను మన కమ్మరులను చూచి నేర్చెననుటకు ఆధారము లేదు. దేవుడు ఒకే జ్ఞానమును రెండు దేశముల కొలిమిలయందు వేర్వేఱుగా అనుగ్రహించెనని చెప్పుట న్యాయము.

షెఫీల్డులో ఈ మూసలు చేయుపని ఎట్లు జరిగెడిదో వినుడు. మూసలు చేయువాడు తడి మట్టిని నేలపై పఱచి, చెప్పులు లేని కాళ్లతో గంటలకొలది త్రొక్కుచుండును. ఏల యనగా ఆ మట్టిలో ఒక చిన్న ఱాయిగాని, ఒక గాలిబుడగ గాని మిగిలినచో మూస మంటలో పగిలి, లోని ఉక్కంతయు నిప్పులపాలగును. ఱాయి తగిలిన సంగతి కంటికంటె అరికాలికి ముందుగా తెలియును. ఇంత శ్రమపడి చేసిన మూస ఇంచుమించు మూడు పర్యాయములు మంటకెక్కి, ఆ దినముతోనే పారవేయబడును. ఉక్కు మిగులును, మూస మిగులదు. అబ్బీడేలు అను చోట అట్టి పాత కొలిమిశాల నొకదానిని నేటికిని కాపాడి, చూడవచ్చువారికి చూపుచున్నారు.

హంట్సుమను పేరు గ్రంథములలో నున్నది. మట్టి త్రొక్కిన వాని పేరు లేదు. కోనసముద్రపు కమ్మరుల పేర్లును లేవు. మన ఐశ్వర్యము మంటి ఘటములలో నున్నదని పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 4వ అధ్యాయమున బోధించెను. ఆ మాటను మనము ఆత్మీయార్థమున తఱచుగా వినియున్నాము. ఇకమీదట వినునపుడు ఆ మట్టిని త్రొక్కిన కాళ్లను గూడ జ్ఞాపకము చేసికొందము. ఒక వస్తువును చేతబట్టినపుడు దాని వెనుకనున్న కనబడని చేతిని చూచుట విశ్వాసికి తగిన చూపు. షెఫీల్డు చరిత్రలో కొందఱు ఆ చూపును పొందిరి; కొందఱు పొందలేదు. ఆ రెండు కథలును మనకు అవసరమే.

769 సంతకములు

ఆ కాలమున ఇంగ్లీషు వర్తకులు తమ ఓడలలో కత్తులు, గుడ్డలు, తుపాకులు, సారాయి మొదలగు సరకులు నింపుకొని ఆఫ్రికా తీరమునకు పోయి, ఆ సరకులకు బదులు మనుష్యులను కొని, సంకెళ్లు వేసి, వెస్టిండీసు ద్వీపముల చెఱకుతోటలకు అమ్మెడివారు. ఆ సరకులలో షెఫీల్డు కత్తులును ఉండెను. అనగా కొలిమివాడు ఇంటిలో భార్యాబిడ్డలకొఱకు న్యాయముగా కష్టపడి చేసిన కత్తియే సముద్రమునకు ఆవల ఒక మనుష్యుని వెలగా మాఱుచుండెను.

1789లో షెఫీల్డు లోహపు పనివారు 769 మంది బానిసల వర్తకమునకు విరోధముగా పార్లమెంటునకు ఒక విన్నపము పంపుకొనిరి. వారు తమ లాభనష్టములను దాచలేదు. మేము చేయు సరకులు ఆఫ్రికా తీరమునకు పోయి బానిసల వెలగా ఇయ్యబడుచున్నవి గనుక, ఈ వర్తకము నిలిచినచో మాకు నష్టము కలుగునని ఎవరైనను తలంపవచ్చునని వారే ఒప్పుకొనిరి. అయినను ఆఫ్రికా జనుల పక్షమును తమ పక్షముగానే ఎంచుచున్నామని విన్నవించుకొనిరి.

చదువరులారా, ఇది ఎంత పెద్ద సంగతియో ఆలోచింపుడు. పరుల ధనముతో దానము చేయుట సులభము. తన పళ్లెములోని అన్నము తగ్గునని తెలిసియు న్యాయమునకు చేవ్రాలు చేయుట కష్టము. ఆ 769 మంది ధనవంతులు కారు. మనవలెనే చేతుల కష్టముమీద బ్రదుకువారు. వారిలో ఎక్కువమందికి పార్లమెంటు సభ్యుని ఎన్నుకొను హక్కుకూడ లేదు. ఆఫ్రికాను వారు చూడలేదు. అయినను తమ కత్తి ఎక్కడికి పోవుచున్నదని వారు విచారించిరి. నీ తమ్ముడు ఎక్కడనున్నాడని దేవుడు కయీనును అడిగినపుడు అతడు తప్పించుకొనజూచెను. వీరు తప్పించుకొనక, ఎన్నడును చూడని తమ్మునికొఱకు ఉత్తరమిచ్చిరి.

మఱుసటి సంవత్సరము, 1790లో, ఒలౌడా ఈక్వియానో అను నల్లజాతి క్రైస్తవుడు షెఫీల్డునకు వచ్చెను. ఇతడు ఒకప్పుడు బానిస. 1766లో సొమ్ము చెల్లించి తన్ను తాను విడిపించుకొనెను. 1789లో తన జీవిత చరిత్రను అచ్చువేయించి, దేశమంతట తిరుగుచు బానిసత్వపు బాధలను జనులకు వివరించెను. కత్తి చేసిన చేయియు, ఆ కత్తి వెలకు అమ్మబడిన జనులలోని యొకని చేయియు ఒకే పట్టణమున కలిసికొనెనని చెప్పవచ్చును.

అచ్చుకూటపు యువకుడు

రెండేండ్లు గడచిన తరువాత, 1792లో, జేమ్సు మాంటుగొమరీ అను యువకుడు షెఫీల్డునకు వచ్చి ఒక వార్తాపత్రిక కార్యాలయమున పనికి కుదిరెను. ఇతని కథ తోటలవారమగు మనకు మిక్కిలి దగ్గఱిది.

మాంటుగొమరీ 1771లో స్కాట్లండునందు జన్మించెను. తండ్రి మొరేవియను సంఘపు బోధకుడు. ఈ మొరేవియనులు 1732లోనే వెస్టిండీసు బానిసలయొద్దకు సువార్త తీసికొనిపోయినవారు. వారిలో మొదట వెళ్లిన యిద్దఱిలో ఒకడు కుమ్మరి, ఒకడు వడ్రంగి. ఆ మార్గముననే జేమ్సు తలిదండ్రులు 1783లో బార్బడోసు ద్వీపమునకు పయనమైరి. పిల్లవానిని ఇంగ్లండులోని ఫుల్నెకు అను చోట మొరేవియను పాఠశాలలో విడిచిరి. చెఱకుతోటల బానిసలకు బోధించుచు తల్లియు తండ్రియు ఆ దూరదేశముననే ఒకరి వెనుక నొకరు మరణించిరి. కుమారుడు వారి ముఖమును మఱల చూడలేదు.

ఆ పిల్లవాడు మొదట రొట్టెల అంగడిలో పనికి పెట్టబడి, అక్కడ నిలువలేక పాఱిపోయెను. పద్యములు వ్రాసి అమ్మజూచి విఫలుడయ్యెను. కడకు షెఫీల్డులో జోసెఫు గేల్సు నడుపుచున్న పత్రికలో చేరెను. ప్రభుత్వమునకు భయపడి గేల్సు 1794లో దేశము విడిచిపోగా, ఆ పత్రిక "షెఫీల్డు ఐరిసు" అను క్రొత్త పేరుతో ఇతని చేతికి వచ్చెను. ప్రభుత్వమునకు నచ్చని వ్రాతలను అచ్చువేసినందుకు 1795లో ఒకసారియు, 1796లో మఱియొకసారియు యార్కు కోటలోని చెఱసాలకు పంపబడెను. రెండవసారి చేసిన నేరమేమనగా, వీథిలో కూడిన జనులను ఒక న్యాయాధికారి బలముతో చెదరగొట్టిన విధమును తప్పని వ్రాయుటయే.

ఇతడు క్రైస్తవ సంఘములు నేటికిని పాడు అనేక కీర్తనలను ఇంగ్లీషున రచించెను. క్రిస్మసు దినములలో దేవదూతలను పిలుచుచు పాడు ప్రసిద్ధమైన ఇంగ్లీషు కీర్తనయు ఇతనిదే. అది 1816లో ఐరిసు పత్రికలోనే మొదట వెలువడెను. ఇతడు 1809లో వెస్టిండీసు బానిసలనుగూర్చి ఒక కావ్యము ప్రకటించెను. 1824లో, పొగగొట్టములలోనికి ఎక్కించి మసి తుడిపించు చిన్న పిల్లల పక్షమున ఒక గ్రంథము కూర్చెను. ఆ పిల్లలను అట్లెక్కించు దురాచారము చట్టముచే పూర్తిగా నిలిచిపోవుటకు 1875 వఱకు పట్టెను. మాంటుగొమరీ 1854లో మరణించెను. అతని విగ్రహము ఇప్పుడు షెఫీల్డు కథీడ్రలు ఆవరణమున నున్నది.

తలిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లవాడు తోటలను ద్వేషించి, అక్కడి జనులను మఱచిపోయినను మనము ఆశ్చర్యపడము. ఇతడట్లు చేయక, తలిదండ్రులు ఎవరికొఱకు ప్రాణములిచ్చిరో వారి పక్షమున కలము పట్టెను. మనలో పెక్కుమంది తాతముత్తాతల సమాధులు పరదేశపు తోటలలో నున్నవి. కొందఱి సమాధుల గుర్తైనను లేదు. ఆ దుఃఖమును బట్టి మనస్సును రాయి చేసికొందుమా, లేక ఇతనివలె ఇతరుల దుఃఖమును చూచుటకు కన్నుగా చేసికొందుమా? ఇది ప్రతి యింటివారును ప్రార్థనలో ఆలోచింపదగినది.

చెంచాడు చక్కెర

1807లో బానిసల వర్తకము ఇంగ్లీషు చట్టముచే నిషేధింపబడెను. గాని ఇదివఱకే తోటలలోనున్న బానిసలు బానిసలుగనే యుండిరి. వారు పండించిన చక్కెర షెఫీల్డు ఇండ్లలోని తేనీటి గిన్నెలలో కరగుచుండెను. ఆ దినములలో తేయాకు చీనాదేశమునుండి వచ్చుచుండెను. అస్సాము తేయాకు లండను బజారున మొదట అమ్ముడుపోయినది 1839లో.

1825లో షెఫీల్డు స్త్రీలు బానిసత్వ నివారణకై యొక సంఘమును స్థాపించిరి. దానిలో ముఖ్యురాలు మేరీ ఆను రాసను. ఈమె 1801లో జన్మించినది. పట్టణపు అంచున వింకోబ్యాంకు అను చోట నివసించెను. ఈ స్త్రీలు ఇంటింటికి పోయి, బానిసలు పండించిన వెస్టిండీసు చక్కెరను కొనవద్దని బతిమాలిరి. బానిసలకు మెల్లమెల్లగా విడుదల కలుగవలెనని పెద్దమనుష్యులు అనేకులు చెప్పుచుండగా, వెంటనే కలుగవలెనని మొట్టమొదట కోరిన సంఘములలో ఇది యొకటి. ఆ కాలమున స్త్రీలకు ఓటు లేదు. పార్లమెంటులో వారి మాట వినువారు అరుదు. అయినను వంటయిల్లు వారి చేతిలో నుండెను, చక్కెర డబ్బా వారి చేతిలో నుండెను. తమ చేతిలో నున్న దానితోనే వారు పని ప్రారంభించిరి.

ఇంటికివచ్చిన చుట్టమునకు చక్కెర లేని తేనీరు ఇచ్చుట ఎంత సిగ్గో మన తల్లులకు తెలియును. "ఏమమ్మా, చక్కెర వేయుట మఱచితివా?" అని చుట్టము అడుగగా, మఱువలేదు, జ్ఞాపకముండియే వేయలేదని చెప్పి, కారణము వివరించుట ఒక సువార్త సేవవంటిదే. కూలివారికి చెల్లింపక బిగబట్టిన కూలి దేవుని యెదుట మొఱపెట్టుచున్నదని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయమున హెచ్చరించెను గదా. ఆ మొఱ ఈ స్త్రీలకు గిన్నెలో వినబడెను.

1833లో బానిసత్వ నిర్మూలన చట్టము పుట్టి, 1834 ఆగస్టు 1న అమలునకు వచ్చెను. అయినను విడుదల పొందినవారిలో ఎక్కువమంది మఱికొన్ని యేండ్లు "శిష్యరికము" అను పేర పాత యజమానులకే పనిచేయవలసివచ్చెను. వెస్టిండీసు తోటలలో ఆ కట్టు 1838లో తెగిపోయెను. తోటల యజమానులకు నష్టపరిహారముగా 2 కోట్ల పౌనులు ఇయ్యబడెను. బానిసలకు ఒక్క కాసైనను ఇయ్యబడలేదు. మేరీ ఆను రాసను 1841లో తన యింటిచెంత ఆరాధన మందిరమును, బీదపిల్లలకు బడిని స్థాపించెను. 1887లో ఆమె మరణించెను.

ఖాళీయైన తోటలలోనికి

చరిత్ర ఇక్కడితో సుఖముగా ముగిసెనని చెప్పినచో అది సత్యము కాదు. బానిసలు విడుదల పొందిన తరువాత చెఱకుతోటలకు చేతులు కావలసివచ్చెను. ఆ చేతులు మన దేశమునుండి పోయెను. 1834లోనే ఒప్పందపు కూలీలు మారిషసునకు పోవుట ఆరంభమయ్యెను. గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి పోయిన తెలుగువారిని అక్కడ "కోరంగీలు" అనిరి. మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న ఆఫ్రికా దక్షిణ తీరమునందలి నేటాలునకు చేరి, మొదటి భారతీయ కూలీలను దించెను. బర్మాకు మేస్త్రీలును, మలయాకు కంగాణీలును మనవారిని తీసికొనిపోయిరి. ఒప్పందపు కూలీలు బానిసలు కారు. వారికి కూలి యుండెను, గడువు యుండెను. అయినను చదువరాని వాని చేత వ్రేలిముద్ర వేయించిన కాగితములో ఏమి వ్రాసియున్నదో వానికి తెలియదు. కనబడని చేతులు మఱల కనబడకపోయెను. ఆ ఒప్పందముల మీద కూలీలను సముద్రము దాటించుట 1917లో నిలిచిపోవుటకు మన దేశపు నాయకులును, సి. ఎఫ్. ఆండ్రూసువంటి క్రైస్తవులును బహుగా ప్రయాసపడవలసివచ్చెను.

ఆ కష్టకాలములో మన తెలుగు సంఘములు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1903లో తెలుగు బాప్టిస్టు సంఘములవారు తమ సొంత కానుకలతో జాను రంగయ్యగారిని నేటాలునందలి మనవారి యొద్దకు పంపిరి. ఆయన కియర్స్ని అను తేయాకుతోటలోని తెలుగు కూలీలమధ్య సంఘమును కట్టెను. ఆ కానుకల నిచ్చినవారిలో అధికులు బీదలు. సముద్రమునకు ఆవల ఆకు కోయుచున్న చేతిని వారు ఇంటనుండియే చూచిరి. షెఫీల్డు పనివారికి కలిగిన చూపు మనవారికిని కలిగెనని దేవుని స్తుతింతము.

సానరాతి దుమ్ము

ఇప్పుడు షెఫీల్డు కథలోని చీకటి భాగమును చెప్పవలెను. కత్తులను, ముల్లుచెంచాలను సానపట్టువారు రోజంతయు రాతిమీదికి వంగి కూర్చుండెడివారు. తడిరాతిమీద పట్టువారికి కొంత మేలు. పొడిరాతిమీద పట్టువారు రాతి దుమ్మును, ఇనుప రజమును దినదినము పీల్చుచుండిరి. దానివలన కలిగిన దగ్గును "సానపట్టువారి ఉబ్బసము" అనిరి. 19వ శతాబ్దపు తొలిభాగమున ఆ పట్టణపు వైద్యుడు డాక్టరు నైటు విచారించి, పొడిరాతిమీద పనిచేయువారు 35 ఏండ్లు దాటి బ్రదుకుట అరుదని తెలియజేసెను.

దీనికి మందు లేకపోలేదు. షెఫీల్డులోని జాన్ హెన్రీ అబ్రహాము అను బడిపంతులు సూదులు సానపట్టువారికొఱకు అయస్కాంతముతో ఇనుప రజమును ఆకర్షించు సాధనము నొకదానిని కల్పించెను. రాతి దుమ్మును గాలితో బయటికి లాగు గొట్టములును ఏర్పడెను. ఆశ్చర్యమేమనగా, సానపట్టువారిలో అనేకులు వీనిని త్రోసివేసిరి. ఈ పనిలో ప్రాణభయము తగ్గినచో అందఱును ఈ పనికే వత్తురు, కూలి పడిపోవునని వారు తలంచిరి. తన ఊపిరితిత్తులను అమ్మి ఎక్కువ కూలి కొనుక్కొనుచున్నామని వారు ఎఱుగకపోలేదు. ఆకలి వారిచేత అట్లు లెక్క వేయించెను. యజమానులును, కొన్నవారును ఆ లెక్కను చూచియు ఊరకుండిరి.

ఏ పట్టణపు పనివారు ఆఫ్రికా బానిసకొఱకు సంతకము చేసిరో, ఆ పట్టణమే తన వీథిలోని దగ్గును చాలకాలము పట్టించుకొనలేదు. దూరమున నున్నవానిని చూచుటకు కన్ను కావలెను. దగ్గఱ నున్నవానిని చూచుటకును కన్ను కావలెను. ఒకటి యున్నంతమాత్రమున రెండవది దానంతట రాదు.

మన తోట, మన చేయి

ఇంత కథ చెప్పుట ఇంగ్లండు వారిని పొగడుటకును కాదు, నిందించుటకును కాదు. మన యింటి గుమ్మముదగ్గఱకు రావలెనని.

మన లైనులలో తోటకు మందు కొట్టువారు గలరు. వీపున మందు డబ్బా మోసికొని ఎండలో నడచుచు, మూతికి గుడ్డయైనను కట్టుకొనక కొట్టువారు గలరు. గుడ్డ కట్టినచో ఊపిరాడదనియు, చేతి తొడుగులు వేసికొనినచో పని జాగగుననియు, పని జాగైనచో కూలి తగ్గుననియు వారు చెప్పుదురు. ఇది షెఫీల్డు సానపట్టువాని మాటయే. అతడు సాయంకాలము ఇంటికివచ్చి ఆ చేతులతోనే బిడ్డనెత్తుకొనును. ఆ బట్టలను భార్య ఉతుకును. కాబట్టి సహోదరులారా, మీలో మేస్త్రీలుగా నున్నవారు, గుడ్డయు తొడుగులును లేనివానిని మందు కొట్టుటకు పంపకుడు. వానివలన కొంత జాగైనచో ఆ జాగును మీ లెక్కలో సర్దుకొనుడు. తల్లులారా, మందు కొట్టిన బట్టలను వేఱుగా ఉతుకుడు. సబ్బుతో చేతులు కడుగనిదే మగవారిని పిల్లలయొద్దకు రానీయకుడు. వ్యాధిగ్రస్తునికి ప్రార్థన చేయుట ఎంత భక్తియో, వ్యాధి రాకుండ చేయుటయు అంత భక్తియే.

మఱియొక మాట. తోటలోనికి క్రొత్తగా వచ్చిన కూలీలను కొందఱు చులకనగా చూచుచున్నారు. వారి భాష వేఱు, తిండి వేఱు, దేవతలు వేఱని నవ్వుచున్నారు. మన తాతలు ఓడ దిగిన దినమున వారినిగూర్చియు ఇట్లే నవ్విరని మఱువకుడు. క్రొత్తవానికి వ్రేలిముద్ర వేయుటకు కాగితమిచ్చినపుడు, చదువు వచ్చిన మన బిడ్డ దానిని అతనికి చదివి వినిపింపవలెను. బడి చదువునకు ఇంతకంటె మంచి వినియోగము లేదు.

పిల్లలకు ఒక పని చెప్పుచున్నాను. ఈ వారము ఇంటిలో ఒక వస్తువును ఎత్తి చూడుడు. అది ఉప్పు కావచ్చును, చొక్కా కావచ్చును, పలక కావచ్చును. అది ఎన్ని చేతులు దాటి మీ చేతికి వచ్చెనో అమ్మ నాన్నలను అడిగి లెక్కింపుడు. తరువాత రాత్రి ప్రార్థనలో ఆ చేతులకొఱకు దేవుని వేడుకొనుడు. మీరు కోసిన ఆకుతో కాచిన తేనీరు త్రాగు జనులును మీ చేతిని జ్ఞాపకము చేసికొనునట్లు వేడుకొనుడు.

ఇనుము ఇనుమును పదును చేయునట్లు ఒకడు తన చెలికానికి పదును పెట్టునని జ్ఞానియైన సొలొమోను సామెతల గ్రంథము 27వ అధ్యాయమున బోధించెను. చూరులోని ఆ పాత కత్తిని పారవేయకుడు. తుప్పు రుద్ది, పదునుపెట్టి, పనికి వాడుకొనుడు. దానిని చేతబట్టినప్పుడెల్ల 769 మంది పనివారిని, చక్కెర మానిన స్త్రీలను, దుమ్ము పీల్చి చనిపోయిన సానపట్టువానిని, మట్టి త్రొక్కిన పేరులేని కాళ్లను తలంచుకొనుడు. వారి పేర్లు మనకు తెలియకపోయినను, మేకులు దిగిన చేతులుగల మన ప్రభువు వారిలో ప్రతివానిని పేరుపెట్టి యెఱుగును. మనలనుకూడ అట్లే యెఱుగును. ఆయన కృప మీ యందఱి యిండ్లకు తోడైయుండును గాక. ఆమేన్.